కరిగించిన కేలరీలు తినాలా వద్దా: ఒకే పేజీ, రెండు తీర్పులు

సంపాదకులు గారికి నమస్కారాలు.

బరువు తగ్గాలనుకునేవారు వ్యాయామంతో కరిగించిన కేలరీలను మళ్లీ తినవచ్చునా అన్న విషయం మీద మీ ఆరోగ్యం పేజీ వారం తేడాతో రెండు తీర్పులు వెలువరించింది. ఎంత కరిగిస్తే అంత తినండి, లేకపోతే నీరసించిపోతారని మొదటి వ్యాసం చెప్పింది. ఒక్క కేలరీ తిరిగి తిన్నా పడిన శ్రమంతా బూడిదలో పోసిన పన్నీరేనని రెండోది చెప్పింది. రెండింటికీ రాసినవారి పేరు లేదు, రెండింటిలోనూ మాట్లాడింది ‘నిపుణులే’. ఆ నిపుణులు మీ పేజీ చదవరని అర్థమవుతూనే ఉంది. కనీసం ఆ పేజీ దిద్దేవారైనా కిందటి వారం ఏం అచ్చువేశామో ఒకసారి తిరగేసి ఉండాల్సింది. సవరణ వేస్తారేమోనని ఇన్నాళ్లు చూశాను. వేయలేదు కనుక ఈ ఉత్తరం.

రెండు వ్యాసాలూ చెప్పకుండా వదిలేసిన సంగతి ఒకటే. రోజుకు ఇన్ని కేలరీలే తినాలన్న పరిమితిని సదరు వ్యక్తి ముందుగా ఏ లెక్కన పెట్టుకున్నారన్నది తెలియకుండా, తినమనడానికీ వీల్లేదు, వద్దనడానికీ వీల్లేదు. ఈ లెక్కలకు విరివిగా వాడే మిఫ్లిన్–సెయింట్ జియార్ సూత్రం 1990లో వచ్చింది. దాని ప్రకారం 40 ఏళ్ల వయసు, 160 సెంటీమీటర్ల ఎత్తు, 70 కిలోల బరువు ఉన్న మహిళ శరీరం పూర్తి విశ్రాంతిలో ఉన్నా రోజుకు సుమారు 1,340 కేలరీలు ఖర్చు చేస్తుంది. ఆ అంకెను ఆమె రోజువారీ కదలికను బట్టి ఒక గుణకంతో హెచ్చవేస్తారు. రోజంతా కూర్చుని ఉండేవారికి 1.2, వారంలో ఎక్కువ రోజులు ఓ మోస్తరు వ్యాయామం చేసేవారికి 1.55. మొదటి గుణకంతో రోజు ఖర్చు 1,600 దాకా, రెండోదానితో 2,075 దాకా తేలుతుంది. ఈ రెండింటికీ మధ్య ఉన్న దాదాపు 470 కేలరీలు కదలిక ఖాతాలోనివి, అంటే వ్యాయామాన్ని అప్పటికే లెక్కలో వేసేశారన్న మాట.

ఇప్పుడు ఆ మహిళ 1.55 గుణకాన్ని ఎంచుకుని, బరువు తగ్గడానికి అందులోంచి 500 తీసేసి, రోజుకు 1,575 కేలరీల పరిమితి పెట్టుకున్నారనుకుందాం. మీ మొదటి వ్యాసం చదివి, వ్యాయామం చేసిన యంత్రం తెర మీద చూపిన 300 కేలరీలను అదనంగా తిన్నారు. ఆమె వ్యాయామం గుణకంలో ఒకసారి, కంచంలో మరొకసారి జమ అయింది. 500 ఉండవలసిన లోటు 200కు దిగింది, అదీ యంత్రం నిజం చెప్పిందనుకుంటేనే. అదే మహిళ 1.2 గుణకంతో మొదలుపెట్టి, 500 తీసేసి, 1,100 దగ్గర ఆగి, రోజూ 400 కేలరీలు ఖర్చయ్యేంత పరుగు పెడుతూ, మీ రెండో వ్యాసాన్ని తు.చ. తప్పకుండా పాటించారనుకుందాం. పరుగు ఖర్చు పోగా మిగతా అవసరాలన్నిటికీ ఆమె శరీరానికి మిగిలేది 700. నెలల తరబడి అలా నడిపితే కొవ్వుతో పాటు కండరమూ కరుగుతుంది, నెలసరి తప్పవచ్చు, ఒకనాటికి ఆకలి తట్టుకోలేక పథకమంతా గాలికి వదిలేయడం జరుగుతుంది. మొదటి వ్యాసం మొదటి లెక్కకు తప్పు, రెండోది రెండో లెక్కకు తప్పు. ఎవరికి ఏది వర్తిస్తుందో చెప్పవలసిన ఆ ఒక్క వాక్యం అచ్చుకు స్థలం చాలకే పోయిందనుకుందామంటే, పేజీలో సగం ప్రకటనలే ఉన్నాయి.

ఇక యంత్రం చూపే అంకె సంగతి. 70 కిలోల మనిషి గంటకు ఐదు కిలోమీటర్ల చొప్పున ఒక గంట నడిస్తే మొత్తం ఖర్చు 245 కేలరీల ప్రాంతంలో ఉంటుంది. అందులో 70 దాకా ఆ గంట ఊరికే కూర్చున్నా ఖర్చయ్యేవే, అవి పైన చెప్పిన 1,600లో ముందే కలిసి ఉన్నాయి. నడక వల్ల అదనంగా ఖర్చయింది 175 మాత్రమే. తెర మీద మాత్రం సాధారణంగా మొత్తమే కనిపిస్తుంది. ట్రెడ్‌మిల్ మొదలుపెట్టేటప్పుడు బరువు అడిగే గడి వస్తే చాలామంది దాన్ని దాటేసి నేరుగా బటన్ నొక్కేస్తారు, అప్పుడు యంత్రం తనకు తోచిన బరువొకటి వేసుకుంటుంది. తర్వాత ముందున్న కడ్డీని రెండు చేతులతో పట్టుకుని, ఒంటి బరువులో కొంత దాని మీద వేసి నడుస్తారు. పట్టీ వేగమూ వాలూ మారలేదు కాబట్టి, చేతులు ఊపుకుంటూ నడిచినవారికి ఎంత చూపిస్తుందో వీరికీ అంతే చూపిస్తుంది.

చేతి గడియారాలు దీనికంటే మేలని మీ మొదటి వ్యాసం సెలవిచ్చింది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 60 మంది మీద ఏడు రకాల మణికట్టు పరికరాలను పరీక్షించి 2017లో ఫలితాలు ప్రచురించారు. గుండె వేగాన్ని ఏడింటిలో ఆరు 5 శాతం లోపు తేడాతో చూపాయి. కేలరీల ఖర్చులో మాత్రం అన్నిటికంటే నయమైన పరికరం సగటున 27 శాతం, అధ్వానమైనది 93 శాతం తప్పింది. ఆ తర్వాత పరికరాలు మెరుగుపడ్డాయనవచ్చు, కానీ మెరుగుపడ్డాయని చెప్పే బాధ్యత అమ్మేవారిది, రుజువు అడిగే బాధ్యత పత్రికది. పైగా శరీరం తనదైన సర్దుబాటు తాను చేసుకుంటుంది. పెద్దల రోజువారీ శక్తి వ్యయాన్ని పరిశీలించి 2021లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం, కదలిక వల్ల అదనంగా ఖర్చయిన శక్తిలో సగటున 28 శాతాన్ని శరీరం ఇతర ఖర్చులు తగ్గించుకుని పూడ్చుకుంటుంది.

తిన్నదాన్ని తక్కువగా, చేసినదాన్ని ఎక్కువగా చెప్పుకోవడం మనుషుల స్వభావమని కూడా ఎప్పుడో తేలింది. ఎంత తక్కువ తిన్నా బరువు తగ్గడం లేదని వాపోయిన కొందరిని పరీక్షించి 1992లో ప్రచురించిన పరిశోధనలో, వారు తమ తిండిని సగటున 47 శాతం తగ్గించి, శ్రమను 51 శాతం పెంచి చెప్పినట్టు బయటపడింది. కావాలని అబద్ధమాడారని కాదు, అంచనా అలా ఉంటుంది. ఇటువంటి అంచనాకు అటువంటి యంత్రం తోడైతే, కరిగించినంతా తినమన్న సలహా ఎక్కడికి తీసుకుపోతుందో మీ నిపుణులే చెప్పాలి.

అంగట్లో తూకపు రాయి పది గ్రాములు తగ్గితే జరిమానా వేసే అధికారులు లోకమంతటా ఉన్నారు. జనం ఏం తినాలో, ఎంత తినాలో నిర్ణయిస్తున్న ఈ తెర మీది అంకెకు మాత్రం ముద్ర వేసేవారు లేరు, వేయించుకోవాలన్న నియమమూ కనిపించదు. ఇది వైద్య పరికరం కాదని చిన్న అక్షరాల్లో ఒక ముక్క రాస్తే తయారీదారు బాధ్యత తీరిపోతుంది. ఆరోగ్య శాఖలవారు ఏటేటా ఊబకాయం మీద సదస్సులు పెట్టి, వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం చేయాలన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ మాటను వల్లించి, ఫొటోలు దిగి వెళ్తారు. ఆ వ్యాయామం చేసి ఇంటికొచ్చిన మనిషి ఎంత తినాలన్న దగ్గర ఒక్కరూ నోరు విప్పరు. ఆ ఖాళీలోకి యాప్‌లూ గడియారాలూ వచ్చి కూర్చున్నాయి, వాటి వెనకాలే మీ పేజీ కూడా.

నాకు తెలిసినంతలో సబబైన సమాధానం ఇది. పరిమితిలో వ్యాయామం ముందే కలిసి ఉంటే తిరిగి తినవలసింది ఏమీ లేదు. కలపకుండా పరిమితి పెట్టుకుని, చేసేది అరగంట నడక అయితే, ఆ వందలోపు కేలరీలు అంచనాల పొరపాట్లలోనే కలిసిపోతాయి, వాటి కోసం లెక్కలు అక్కర్లేదు. గంటల తరబడి పరుగో, సైకిలో, ఈతో సాగించేవారు మాత్రం యంత్రం చూపిన దానిలో సగంతో మొదలుపెట్టి, మూడు నాలుగు వారాల పాటు తూకం ఎటు పోతోందో చూసి, పెంచుకోవాలో తగ్గించుకోవాలో తేల్చుకోవాలి. ఒక్క రోజు తూకాన్ని నమ్మడానికి లేదు. ఒంట్లో నీరు అటూ ఇటూ అయినా కిలో తేడా రావచ్చు, కిలో కొవ్వు తగ్గడానికేమో 7,700 కేలరీల లోటు కావాలి. ఎదిగే వయసు క్రీడాకారులు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు, మధుమేహానికి ఇన్సులిన్ తీసుకునేవారు పత్రికలో చదివి నిర్ణయించుకునే విషయం కాదిది, వైద్యుణ్ని అడగవలసినది. మీ రెండు వ్యాసాల్లోనూ వీరి ఊసే లేదు.

కాబట్టి రెండు వ్యాసాలకూ కలిపి ఒక వివరణ, రాసినవారి పేరుతో, అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాల్లో వేయవలసిందిగా కోరుతున్నాను. ఈ ఉత్తరాన్ని ప్రచురించదలిస్తే అధికారుల మీది పేరాను మీ ఇష్టం వచ్చినట్టు కత్తిరించుకోండి, అంకెలున్న పేరాల జోలికి మాత్రం పోకండి.

భవదీయుడు,
ఒక పాఠకుడు