2024–25 వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారం. మన సైన్స్ సంఘం సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి నివేదిక చదవాలని నియమావళిలో ఉంది కనుక చదువుతున్నాను. సంఘం ఎందుకు పెట్టుకున్నామో మీకు కొత్తగా చెప్పేదేమీ లేదు. నెలనెలా జరగాల్సిన ఉపన్యాసాలు వానాకాలంలో మూడు నెలలు జరగలేదు. పాముకాటు మీద రెండు బడుల్లో మాట్లాడాం.

గర్వంగా చెప్పుకోదగ్గది ఒక్కటే. ఫిబ్రవరిలో కనగల్ వైపు మన సభ్యుని బత్తాయి తోటలో పెట్టిన తేనెటీగల కార్యక్రమం. బెట్ట ఇచ్చి మళ్లీ నీళ్లు కట్టిన తోట, చెట్టు నిండా పూత. గేటు దగ్గరికే వాసన వచ్చింది.

ఆలోచన మన జువాలజీ సారుది. బత్తాయి పూల మకరందంలో కెఫీన్, అంటే కాఫీ, చాయ్‌లలో హుషారిచ్చే పదార్థం, ఉంటుందని ఆయన అన్నప్పుడు కార్యవర్గంలో సగం మంది నవ్వారు, నేనూ నవ్వాను. కానీ నారింజ జాతి పూలలోనూ కాఫీ పూలలోనూ అది ఉంటుందని 2013లో జెరాల్డిన్ రైట్ అనే శాస్త్రవేత్త బృందం ‘సైన్స్’ పత్రికలో రాసింది. మన సాత్‌గుడి బత్తాయి ఆ జాతిదే. ఆ కొంచెం కెఫీన్ తాగిన తేనెటీగల్లో, మర్నాటికి కూడా పూల వాసన గుర్తున్నవి, తాగని వాటికంటే మూడింతలు. 2015లో ఇంగ్లండ్‌లో ససెక్స్ విశ్వవిద్యాలయం వాళ్లు చూస్తే, కెఫీన్ కలిపిన తీపినీళ్లు తాగిన ఈగలు తుట్టెకు పోయి తోటివాటికి దారి చెప్పే నాట్యం నాలుగింతలు చేశాయట. గిన్నె ఎండిపోయాక కూడా అక్కడికే వచ్చిపోయాయట. ‘హోటల్ బంద్ అయినా షట్టర్ ముందు నిలబడే మన చాయ్‌వాళ్ల లెక్క’ అన్నారు సారు.

కెఫీన్ మన మెదడులో ఏం చేస్తుందో ఆయన చెప్పిన తీరు బాగుంది. మేలుకుని ఉన్నకొద్దీ మెదడులో అడెనోసిన్ అనే పదార్థం పేరుకుంటుంది. అది తన గ్రాహకం అనే కుర్చీలో కూర్చుంటే నరాల జోరు తగ్గి కునుకు వస్తుంది. కెఫీన్ రూపం దానికి దగ్గరగా ఉంటుంది కాబట్టి వచ్చి అదే కుర్చీ పడుతుంది. తాను పని చేయదు, చేసేదాన్ని కూర్చోనివ్వదు. ఈ మాట విన్నప్పుడు నేను మన కార్యవర్గంలో ఎవరి వైపూ చూడలేదు.

1981లో సాలమన్ స్నైడర్ అనే శాస్త్రవేత్త బృందం అడెనోసిన్ లాంటి మందుతో చిట్టెలుకలను మందగింపజేసి, కెఫీన్ ఇచ్చి మళ్లీ ఉరికించింది. 2005లో ఏ2ఏ అనే రకం అడెనోసిన్ గ్రాహకం లేకుండా పుట్టించిన చిట్టెలుకలకు కెఫీన్ ఇస్తే మెలకువ పెరగనే లేదు. కుర్చీయే లేనప్పుడు కెఫీన్ ఎక్కడ కూర్చుంటుంది?

మన ప్రయోగం మాత్రం అభాసుపాలైంది. రెండు సాసర్లలో చక్కెరనీళ్లు పోసి, ఒకదానిలో కాస్త డికాక్షన్ కలపమంటే పిల్లలు ఉత్సాహంగా నల్లగా పోశారు. ఒక ఈగ అంచున వాలి, నాలుక పెట్టి, వెంటనే లేచిపోయింది. కెఫీన్ ఎక్కువైతే ఈగలకు చేదు. మళ్లీ పలచగా కలిపేసరికి చీమలు వచ్చాయి. లెక్క తేలలేదు గానీ పిల్లలు చాలాసేపు కదలకుండా చూశారు, నాకు అది చాలు.

ఒక పెద్దాయన, బండలాగుడు ముందు ఎడ్లకు డికాక్షన్ తాగిస్తే ఎట్లుంటదని అడిగారు. గుర్రప్పందేల్లో ఒంట్లో కెఫీన్ దొరికితే నేరమనీ, అలుపు తెలియనీయకపోవడం బలమివ్వడం కాదనీ సారు గట్టిగానే చెప్పారు. చాక్లెట్‌లోని థియోబ్రోమిన్ కూడా ఈ కుటుంబానిదే, కుక్క ఒంట్లోంచి తొందరగా పోదు. ముద్దుకు కూడా పెట్టకండి.

తోట ఇచ్చిన సభ్యునికి, పులిహోర వండి పంపిన వారి ఇంటివారికి, ఆటో కిరాయి తీసుకోని తమ్ముడికి, మైకు సెట్టు వారికి, సారుకు సంఘం తరఫున కృతజ్ఞతలు. ప్రారంభిస్తానన్న అధికారి కోసం పదకొండు దాకా కుర్చీ ఖాళీగా పెట్టాం, ఫోను కూడా రాలేదు. వాట్సాప్‌లో బొటనవేలు చూపిన వాలంటీర్లు పదిహేడు మంది, పొద్దున ఏడింటికి క్లాక్ టవర్ దగ్గరికి వచ్చింది నలుగురు. షామియానా కర్రలు నేనూ అధ్యక్షులూ పాతాం, ఇద్దరికీ కలిపి నూట ఇరవై ఏడేళ్లు.

జమాఖర్చులు కోశాధికారి దగ్గర ఉన్నాయి. కొద్దిగా లోటు వచ్చింది, సర్దాం. చందా బాకీలు ఈ రోజే కట్టగలరు.

సంఘం మైక్రోస్కోపు జూన్ నుంచి ఎవరింట్లోనో ఉంది. తీసుకెళ్లినవారు దయచేసి పెట్టెతో సహా తెచ్చివ్వగలరు.

కార్యదర్శి,
నల్లగొండ