కాస్టియా కథ కూడా రాయండి

సంపాదకుడు గారికి,

మీ స్పోర్ట్స్ పేజీలో రియల్ మాడ్రిడ్ వార్త లేని వారం ఉండదు, మంచిదే, కానీ దాని రిజర్వు జట్టు కాస్టియా గురించి ఒక్క ముక్కైనా రాయరేమండీ? 1980లో ఆ కుర్రాళ్లు అథ్లెటిక్ బిల్బావో, రియల్ సొసియెడాడ్ లాంటి పెద్ద జట్లను ఇంటికి పంపి స్పెయిన్ నాకౌట్ కప్పు కోపా డెల్ రే ఫైనల్‌కు వచ్చారు. తీరా చూస్తే ఎదురుగా సొంత సీనియర్ జట్టే! 6-1తో ఓడిపోయారు, అయినా సీనియర్లు లీగ్ కూడా గెలిచి యూరోపియన్ కప్‌కు వెళ్లడంతో దేశీయ కప్పు విజేతలు ఆడే యూరప్ టోర్నీ కప్ విన్నర్స్ కప్‌లో చోటు వీళ్లకు దక్కింది. అక్కడ రెండు మ్యాచ్‌ల పోరులో, మొదటి మ్యాచ్‌లో లండన్ జట్టు వెస్ట్‌హామ్‌ను 3-1తో కొట్టారు. ఆ రోజు గ్యాలరీలో గొడవ జరగడంతో లండన్‌లో రెండో మ్యాచ్‌కు ప్రేక్షకులను రానివ్వలేదు. ఖాళీ కుర్చీల మధ్య, ఆటగాళ్ల కేకలు తప్ప ఇంకేమీ వినపడని స్టేడియంలో, అదనపు సమయం దాకా పోరాడి 5-1తో ఓడారు.

1984లో రెండో డివిజన్ టైటిల్ గెలిచినా పైకి వెళ్లలేదు, సీనియర్ జట్టున్న డివిజన్‌లో రిజర్వు జట్టు ఆడకూడదన్నది అక్కడి రూల్. తర్వాత స్పెయిన్ స్టార్లయిన బుట్రగేనో, మిచెల్ ఆ జట్టు నుంచే వచ్చారు.

1990 తర్వాత కోపాలో రిజర్వు జట్లను ఆడనివ్వడం మానేశారు. నాకైతే అది అన్యాయమే అనిపిస్తుంది. ఆదివారం ఎడిషన్‌లో ఒక అర పేజీ ఇవ్వండి చాలు.

– మీ పాఠకుడు, ఖమ్మం