రాజీనామా రాసిచ్చి పొమ్మంటే టెరిటోరియల్ ఆర్మీలో ఎవరు చేరతారు?

సంపాదకుడు గారికి నమస్కారం.

మా తమ్ముడు రేణిగుంట దగ్గర ఒక ప్రైవేటు ఫ్యాక్టరీలో మెషిన్ ఆపరేటర్. టెరిటోరియల్ ఆర్మీలో జవాను కూడా. ఈ రెండో మాట చెప్పగానే తిరుపతిలో చాలామంది అడిగేది ఒకటే, "ధోనీ ఉన్నాడే, అదేనా?" అని. అవును, 2011లో ధోనీకి గౌరవ లెఫ్టినెంట్ కల్నల్ హోదా ఇచ్చింది ఇందులోనే. కానీ మావాడిది గౌరవ హోదా కాదు, పిలుపు వస్తే తుపాకీ పట్టుకుని కాపలా కాయాల్సిన డ్యూటీ. ఆ పిలుపు వచ్చినప్పుడు ఇక్కడి ఉద్యోగం ఏమవుతుందన్న దాని గురించే ఈ ఉత్తరం.

తెలియనివాళ్ల కోసం కాస్త చెప్తాను. 1948లో చట్టం చేశారు, 1949 అక్టోబరు 9న అప్పటి గవర్నర్ జనరల్ రాజాజీ ఈ దళాన్ని ప్రారంభించారు. ఎవరి పని వాళ్లు చేసుకుంటూ ఏడాదికి రెండు నెలలు శిక్షణకు పోవాలి, దేశానికి అవసరమైతే యూనిట్ మొత్తాన్ని డ్యూటీలోకి పిలుస్తారు. 1962, 1965, 1971 యుద్ధాల్లో వీళ్లు పనిచేశారు. జీతం శిక్షణలోనో డ్యూటీలోనో ఉన్నన్నాళ్లే. ఇది పూర్తికాలపు కెరీర్ కాదనీ, పెన్షన్ గ్యారంటీ లేదనీ ఆర్మీయే ముందుగా చెబుతుంది. ఆఫీసరుగా చేరాలంటే డిగ్రీతో పాటు సొంత సంపాదన ఉండాలన్నది షరతు కూడా. అంటే ఊళ్లో ఉద్యోగం ఉండాలని ఆర్మీ అంటుంది, ఆ ఉద్యోగం ఇచ్చినవాళ్లేమో ఆర్మీ ఉంటే నువ్వొద్దంటారు. మధ్యలో కుర్రాడు ఏమైపోవాలి?

ఏటా శిక్షణకు వెళ్లినప్పుడు మావాడు ఉన్న సెలవులన్నీ కలిపి, మిగతాది లాస్ ఆఫ్ పే పెట్టి, తోటివాళ్లతో షిఫ్టులు మార్చుకుని ఎలాగో నెట్టుకొచ్చాడు. యూనిట్ నుంచి డ్యూటీకి రమ్మని లెటర్ వచ్చాక అసలు కథ మొదలైంది. హెచ్‌ఆర్ ఆఫీసులో నేనూ పక్కనే ఉన్నాను. అక్కడి ఆయన లెటర్‌ను రెండువైపులా తిప్పి చూసి, కంప్యూటర్‌లో సెలవుల లిస్టు తెరిచి, సిక్ లీవు, పెళ్లి సెలవు, కాన్పు సెలవు అంటూ కిందిదాకా వెళ్లి, "ఇది ఇందులో లేదు బాబూ, రాజీనామా రాసిచ్చి వెళ్లు, వచ్చాక ఖాళీ ఉంటే చూద్దాం" అన్నాడు. కోపంగా కాదు, మామూలుగానే చెప్పాడు. నాకు అదే ఎక్కువ బాధనిపించింది.

ఆ లిస్టులో లేకపోవచ్చు, చట్టంలో మాత్రం ఉంది. టెరిటోరియల్ ఆర్మీ చట్టం సెక్షన్ 7ఏ ప్రకారం, సైనిక సేవకు పిలుపు వచ్చిన ఉద్యోగికి సెలవిచ్చి, తిరిగొచ్చాక మునుపటి కంటే తక్కువ కాని షరతులతో మళ్లీ పనిలోకి తీసుకోవడం యజమాని బాధ్యత. ఈ బాధ్యత తప్పించుకోవడానికి ముందుగానే ఉద్యోగం నుంచి తీసేసినా చెల్లదు. అందుకే కాబోలు, తీసేయరు, రాజీనామా చేయమంటారు. కుర్రాడు సంతకం పెట్టేశాడంటే, తనంతట తానే మానేశాడని తర్వాత ఎంత సులువుగా చెప్పుకోవచ్చో ఆలోచించండి. దయచేసి ఎవరూ ఆ కాగితం మీద సంతకం పెట్టకండి. సెలవు కావాలని రాసిచ్చి, ఆర్మీ లెటర్ కాపీ జతచేసి, అందినట్టు ముద్ర వేయించుకోండి.

యజమానుల ఇబ్బంది నాకు అర్థం కాక కాదు. నలుగురితో నడిచే వర్క్‌షాపులో ఒక మనిషి ఎన్నాళ్లకొస్తాడో తెలియకుండా పోతే కష్టమే. అలాంటివాళ్లు తమ కష్టం చెప్పుకోవడానికీ, ఇద్దరి మధ్య పేచీ వస్తే నిర్ణీత అధికారి దగ్గర తేల్చుకోవడానికీ అదే సెక్షన్‌లో దారి ఉంది. వందలమంది పనిచేసే ఫ్యాక్టరీకి మాత్రం ఒక్క ఆపరేటర్ చోటులో కొన్నాళ్లు కాంట్రాక్టు మీద మనిషిని పెట్టుకోవడం గొప్ప విషయమేం కాదు.

ఇదేదో ఎప్పుడో గానీ రాని సమస్య అనుకోవద్దు. 2025 మేలో ఆపరేషన్ సిందూర్ సమయంలో, టెరిటోరియల్ ఆర్మీకి ఉన్న 32 ఇన్‌ఫాంట్రీ బెటాలియన్లలో 14 బెటాలియన్లను డ్యూటీలోకి తీసుకోవడానికి కేంద్రం అనుమతించింది, అదీ 2028 ఫిబ్రవరి వరకు. మన దగ్గర పొద్దున్నే గ్రౌండ్లలో పరుగు తీసే కుర్రాళ్లలో అగ్నివీర్ వయసు దాటిపోయినవాళ్లు చాలామంది ఉన్నారు. ఇందులో 42 ఏళ్ల దాకా అవకాశం ఉందని తెలిసి రాత్రి రైలెక్కి కోయంబత్తూరు ర్యాలీకి పోతున్నారు. వాళ్లు అడిగేది పరుగు టైమింగ్ గురించే గానీ ఉద్యోగం సంగతి ఎవరూ అడగరు, చెప్పేవాళ్లూ లేరు.

కాబట్టి తిరుపతి, చిత్తూరు కలెక్టర్లకు, కార్మిక శాఖవారికి నా విన్నపం. సెక్షన్ 7ఏ కింద ఫిర్యాదు తీసుకునే అధికారి ఎవరో, ఏ ఆఫీసులో ఉంటారో రెండు జిల్లాల్లోనూ ప్రకటించండి. రేణిగుంట, శ్రీసిటీ వైపు ఉన్న ఫ్యాక్టరీలన్నిటికీ ఈ సెక్షన్‌ను తెలుగులో ఒక పేజీ సర్క్యులర్‌గా పంపి, నోటీసు బోర్డులో పెట్టమనండి, సెలవుల లిస్టులో చేర్పించండి. మా తమ్ముడు రాజీనామా ఇవ్వలేదు, సెలవు చీటీ ఇచ్చి డ్యూటీకి వెళ్లిపోయాడు. దానికి కంపెనీ నుంచి ఇంతవరకు జవాబు లేదు.

ఇట్లు,
ఒక జవాను అన్న,
కొర్లగుంట, తిరుపతి