బరువు తగ్గించడానికి ఎండలో పరిగెత్తించకండి

తల్లిదండ్రులందరికీ నమస్కారం,

ఒంటిపూట బడులు మొదలయ్యాయి కదా, గేమ్స్ ప్రాక్టీస్ పొద్దున 6 నుంచి 7 లోపే, సాయంత్రం సెషన్ ఆపేశాం. ఇక అసలు విషయం.

ఈమధ్య కొంతమంది పేరెంట్స్ మా పీఈటీ సార్‌ని పట్టుకుని "మావాడు బాగా లావయ్యాడు సార్, ఇంకో నాలుగు రౌండ్లు ఎక్కువ కొట్టించండి" అంటున్నారు, ఒకాయనైతే చెమట పడితే కొవ్వు కరుగుతుందని పిల్లాడికి రెయిన్‌కోట్ లాంటి జాకెట్ వేసి మరీ పంపించారు. వద్దండి బాబూ. చెమటలో పోయేది నీళ్ళూ ఉప్పూ, కడుపునిండా నీళ్ళు తాగితే ఆ బరువు మళ్ళీ వచ్చేస్తుంది. 1997లో అమెరికాలో ముగ్గురు కాలేజీ రెజ్లర్లు పోటీకి బరువు తగ్గాలని ఇలాంటి గాలాడని సూట్లేసుకుని వేడిలో కసరత్తు చేసి, సుమారు నెల రోజుల్లోనే ఒకరి తర్వాత ఒకరు చనిపోయారు.

బరువున్న పిల్లాడు మిగతావాళ్ళతో సమానంగా పరిగెడితే ఒంట్లో వేడి ఎక్కువ పుడుతుంది, అది బయటికి పోవడానికి బరువుతో పోలిస్తే చర్మం తక్కువ. అమెరికా మెరైన్ దళంలో కొత్తగా చేరినవాళ్ళ మీద 1996లో వచ్చిన స్టడీలో బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువు లెక్క) 22 దాటి, ఒకటిన్నర మైలు పరుగుకి 12 నిమిషాల పైన పట్టేవాళ్ళకి, బీఎంఐ 22 లోపుండి 10 నిమిషాల్లోపే పరిగెత్తేవాళ్ళతో పోలిస్తే, కసరత్తులో వేడికి జబ్బుపడే రిస్క్ 8 రెట్లు ఉందన్నారు. అది పెద్దవాళ్ళ లెక్క, పిల్లలకి అలాగే అతికించలేం, కానీ చూడండి, 22 అంటే మరీ లావేం కాదు, బరువుకి తోడు పరుగు అలవాటు కూడా లేకపోతే ఇబ్బంది ఎక్కువ. సన్నగా ఉన్నవాళ్ళకి రాదనీ కాదు.

అందుకే కొత్తగా చేరినవాళ్ళకి, బరువున్నవాళ్ళకి మొదటి రెండు వారాలు తక్కువ పరుగు, మధ్యలో నీడలో బ్రేకులు. పనిష్మెంట్ రౌండ్లు ఎవరికీ లేవు. "బోండాం" లాంటి పేర్లు పెట్టి పిలిస్తే మాత్రం ఊరుకోను, ఎందుకంటే ఆ సిగ్గుతోనే పిల్లలు కళ్ళు తిరుగుతున్నా చెప్పకుండా పరిగెడతారు.

తూలుతున్నా, పొంతన లేకుండా మాట్లాడుతున్నా, చెమట పడుతోంది కదా అని వదిలెయ్యకుండా వడదెబ్బ అనే అనుకోవాలి. బోరు పక్కన పెద్ద టబ్బు, క్యాంటీన్ ఫ్రిజ్‌లో ఐసు రెడీగా పెట్టాం, మెడ దాకా చల్లనీళ్ళలో కూర్చోబెట్టి ఒకరు పట్టుకుంటారు, ఇంకొకరు 108కి ఫోన్ చేస్తారు. స్పృహ సరిగా లేనివాడి నోట్లో నీళ్ళు పొయ్యకూడదు, ఇంట్లో అయినా ఇదే.

జ్వరం, మోషన్స్ తగ్గిన మర్నాడే గ్రౌండ్‌కి పంపకండి, డైరీలో ఒక లైను రాయండి చాలు, సెలెక్షన్స్ ఉన్నా సరే టీంలోంచి తీసెయ్యం.

ఇట్లు,
మీ హెడ్మాస్టర్