ఊరి గొంతు పది కాలాలు వినపడాలి

ఊరివాళ్ల కోసం స్థానిక సంస్థలు నడిపే కమ్యూనిటీ రేడియోలు సొంతంగా వార్తలు చెప్పకూడదన్న నిబంధనను కేంద్రం ఇకనైనా ఎత్తేయాలి. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చింది. జహీరాబాద్ దగ్గర మాచనూరులో దళిత మహిళలు 2008లో మొదలుపెట్టిన సంఘం రేడియోలో విత్తనాలు, చిరుధాన్యాలు, పండుగ పాటలు వాళ్ల యాసలోనే వినిపించాయి. వార్తల మాటకొస్తే మాత్రం ఇలాంటి స్టేషన్లు ఆకాశవాణి వార్తలనే వేయాల్సిందే. పైగా 100 వాట్ల ప్రసారం చుట్టుపక్కల పల్లెలు దాటదు, ఆ పూట వినకపోతే పోయినట్టే. మా అత్తమ్మకు చదువు రాదు. పోయిన ఎండాకాలం ఉపాధి హామీ కూలి పడకపోతే, ఫోన్ పొయ్యి గట్టు మీద పెట్టుకుని, జొన్న రొట్టెలు కాల్చుతూనే, ఎన్ని రోజులు తవ్విందో, ఎన్ని మస్టర్లు (హాజర్లు) పడ్డాయో లెక్కతో సహా నాలుగు నిమిషాలు చెప్పి వాట్సాప్‌లో పంపింది. అది విని పక్క వాడకట్టులో మరో ఏడుగురు తమ గోడు రికార్డు చేశారు. అర్జీ రాయమంటే వాళ్లలో ఒక్కరూ రాయలేరు. ఇలా రికార్డు చేసి, ఎప్పుడంటే అప్పుడు వినేలా ఫోన్లో అందించే పాడ్‌కాస్ట్ అంటే పట్నం కుర్రాళ్ల ఇంగ్లిషు ముచ్చట అనుకుంటున్నాం గానీ, దాని అవసరం ఈ ఆడవాళ్లకే ఎక్కువ. స్థానిక వార్తలకు అనుమతివ్వడంతో పాటు, ప్రతి కార్యక్రమాన్నీ పాడ్‌కాస్ట్‌గా దాచిపెట్టేందుకు స్టేషన్లకు నిధులివ్వాలి. ఉపాధి పనుల లెక్కలను ఊరి ముందే సరిచూసే సామాజిక తనిఖీ గ్రామసభల్లో ఇలాంటి రికార్డులను రాతపూర్వక అర్జీతో సమానంగా స్వీకరించి రసీదు ఇవ్వాలి.

– ఒక పాఠకురాలు, జహీరాబాద్