పదేళ్లకే బొమ్మ ఆగిపోతోంది

సంపాదకుల వారికి,

వేసవి సెలవులు, సంక్రాంతి, బాలల దినోత్సవం వస్తే చెన్నైలో తెలుగు సంఘాలు, అపార్ట్‌మెంట్ అసోసియేషన్లు పిల్లలకు చిత్రలేఖనం పోటీలు పెడుతుంటాయి. ఉద్దేశం మంచిదే. కానీ 12 ఏళ్ల పిల్లలకు కూడా అచ్చేసిన బొమ్మ ఇచ్చి రంగులు నింపమంటున్నారు. లేదంటే ‘నీటిని కాపాడుదాం’ అని ఒక అంశం చెప్పి గంటలో ముగించమంటున్నారు. గంటలో కొత్తగా ఆలోచించే తీరిక ఎవరికీ ఉండదు. అందుకే ఇంట్లో బట్టీ పట్టిన బొమ్మే, కారే కుళాయి, దాని కింద భూగోళం, వరసగా కాగితాల మీదకు దిగుతుంది. బహుమతి కూడా దానికే వస్తుంది.

పిల్లల బొమ్మ వయసుతో పాటు మారుతుంది. రెండు మూడేళ్లకు పిచ్చిగీతలు, నాలుగేళ్లకు తలకే కాళ్లూ చేతులూ మొలిచిన మనిషి, ఆరేడేళ్లకు అడుగున నేల గీత, పైన ఆకాశం గీత, నడుమ ఖాళీ. ఇవి తప్పులు కావు, పెద్దలు దిద్దకూడదు. అసలు చిక్కు 9, 10 ఏళ్ల దగ్గర వస్తుంది. కన్ను ముందుకు పోతుంది, చెయ్యి వెనకబడుతుంది. తాను గీసిన కుర్చీ కుర్చీలా లేదని పిల్లలకే తెలిసిపోతుంది. ఎలా సరిచేయాలో చెప్పేవాళ్లు లేకపోతే ‘నాకు బొమ్మలు రావు’ అని పెన్సిల్ పక్కన పెట్టేస్తారు. చాలామంది బొమ్మలు గీయడం మానేసేది అప్పుడే. ఆ వెంటనే, ఆరో ఏడో తరగతిలో, చాలా బడుల్లో డ్రాయింగ్ పీరియడ్ లెక్కలకో సైన్సుకో పోతుంది. ఒకటి నుంచి 12వ తరగతి దాకా వారానికి కనీసం రెండు పీరియడ్లు కళలకు ఉంచాలని సీబీఎస్‌ఈ 2019లోనే బడులకు చెప్పింది. ఆ రెండూ విడివిడిగా కాక పక్కపక్కనే ఉంటే మేలు. 40 నిమిషాల్లో కాగితాలు పంచి, నీళ్లు తెచ్చి, మళ్లీ సర్దేసరికే గంట కొడతారు.

ఆ వయసులో నేర్పాల్సింది చూడటం. ఒక గుండ్రటి స్టూలు ఎదురుగా పెట్టి గీయమంటే, చాలామంది పిల్లలు సీటును నిండు వృత్తంగా, నాలుగు కాళ్లనూ ఒకే గీత మీద నిలబెట్టి గీస్తారు. సీటు గుండ్రమనీ, కాళ్లు సమానమనీ వాళ్లకు తెలుసు కాబట్టి తెలిసింది గీస్తారు, కనబడింది కాదు. మోచెయ్యి వంచకుండా చెయ్యి చాచి, ఒక కన్ను మూసి, పెన్సిల్ మీద బొటనవేలితో కొలత పట్టమనండి. సీటు వెడల్పుగా, ఎత్తు తక్కువగా, అణిగిన కోడిగుడ్డులా కనిపిస్తుంది. వెనక కాళ్ల అడుగులు ముందు కాళ్ల అడుగుల కన్నా పైన పడతాయి. మోచెయ్యి కాస్త వంగినా కొలత మారిపోతుంది, పిల్లలు తడబడేది అక్కడే. తర్వాత కాళ్లను వదిలేసి, కాళ్ల మధ్య ఖాళీల ఆకారాలు గీయమంటే బొమ్మ చాలావరకు దానంతటదే కుదురుతుంది. (ఇంటి ముందు చుక్కల ముగ్గు వేసే పిల్లలకు ఈ దూరాల అంచనా కొంత ముందే అబ్బి ఉంటుంది. ఆ అలవాటును పోనివ్వకండి.)

సామాను విషయంలోనూ పొరపాట్లు జరుగుతున్నాయి. గట్టి హెచ్‌బి పెన్సిల్‌తో నొక్కి గీస్తే కాగితంలో గాడి పడుతుంది, రంగు అందులోకి దిగుతుంది. మెత్తటి 2బి, 4బి పెన్సిళ్లు చాలు. రబ్బరుతో పదేపదే రుద్దితే కాగితం నూగు లేచి అక్కడ నీటిరంగు మచ్చకడుతుంది. అందుకే మొదటి పది నిమిషాలు రబ్బరు లేకుండా నిమిషానికొక బొమ్మ వేయించాలి. 75 జీఎస్‌ఎం (చదరపు మీటరు కాగితం బరువు, గ్రాముల్లో) జిరాక్స్ కాగితం మీద నీటిరంగు వేస్తే అది ఉబ్బి, గుంటల్లో రంగు నిలుస్తుంది. మందంగా ఉండే 300 జీఎస్‌ఎం షీటు ఒకటి కొని నాలుగు ముక్కలు చేసుకోవడం మేలు. ఎరుపు, పసుపు, నీలం, వీటితోనే కొన్ని నెలలు కలపనివ్వాలి. నీడ కోసం అన్నిట్లోనూ నలుపు కలిపితే బొమ్మంతా బురదవుతుంది. టీచరు మాత్రం పిల్లల బొమ్మ మీద తన గీత పెట్టకూడదు. చూపించాలంటే వేరే కాగితం మీద గీసి చూపించాలి.

ఫోన్‌లో ఫొటో చూసి దించే అలవాటు గురించి ఒక మాట. లోతున్న వస్తువును కెమెరా అప్పటికే చదును చేసేస్తుంది. ఏది ఉంచాలి, ఏది వదలాలి అన్న నిర్ణయం పిల్లలకు మిగలదు. 17 ఏళ్లకు బీఎఫ్‌ఏ (లలిత కళల డిగ్రీ) ప్రవేశ పరీక్షలో ఎదుట ఉన్న వస్తువును చూసి గీయమన్నప్పుడు ఆ లోటు బయటపడుతుంది.

‘బొమ్మలు కూడు పెడతాయా’ అన్న తల్లిదండ్రుల భయం న్యాయమైనదే. మన ఊళ్లోనే దానికొక జవాబుంది. 1966లో చిత్రకారుడు కె.సి.ఎస్. పణిక్కర్, ఆయన శిష్యులు ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్) పక్కన చోళమండలం అనే కళాకారుల గ్రామాన్ని మొదలుపెట్టినప్పుడు, బాతిక్ (మైనంతో బట్ట మీద వేసే అద్దకం) వంటి చేతిపనులు అమ్ముకుంటూ మిగతా సమయం తమ చిత్రాలకు ఉంచుకున్నారు. పిల్లలను అక్కడికీ, ఎగ్మోర్ మ్యూజియంలోని కంచు విగ్రహాల దగ్గరికీ తీసుకెళ్లండి. ఒక కాలి మీద బరువు మోపిన దేహంలో నడుము ఎటు వంగుతుందో, భుజం ఎటు వాలుతుందో అక్కడ నింపాదిగా చూడొచ్చు. సెలవు రోజుల్లో పిల్లలు నేల మీద కూర్చుని పెన్సిల్‌తో గీసుకోవడానికి మ్యూజియం వారు వేళలు కేటాయిస్తే మరీ మంచిది.

సంఘాల వారికి మా మనవి: 9 ఏళ్లు దాటినవారికి అచ్చు బొమ్మలు మానేయండి. మధ్యలో ఒక ఇత్తడి బిందె, అరటి హస్తం, లేదా ఒక సైకిల్ పెట్టి రెండు గంటలు ఇవ్వండి. న్యాయనిర్ణేతలు చిత్తు గీతలు కూడా చూడాలి. పోటీ అయ్యాక కాగితం వెనక తేదీ రాయించి ఆ బొమ్మలను పిల్లలకే తిరిగి ఇచ్చేయండి.

ఇట్లు,
చిత్రలేఖన ఉపాధ్యాయులు, పశ్చిమ మాంబళం, చెన్నై