ఆ 18 వెల్స్ సంగతి

హైదరాబాద్, శనివారం రాత్రి

ఒరేయ్ మామా,

మొన్న నైట్ షిఫ్ట్ బ్రేక్‌లో ఫోన్ చేసి "నాలుగేళ్ళ నుంచీ పీహెచ్‌డీ అంటూ ఆ సెల్స్‌తో ఏం చేస్తున్నావ్ రా, ఇంకా అవ్వలేదా" అన్నావ్ కదా. నేను నోరు తెరిచేలోపు మీ ఇన్‌చార్జ్ గారు పిలిచారు, నువ్వు పెట్టేశావ్. ఆ ప్రశ్న మాత్రం అప్పట్నుంచీ నన్ను వదల్లేదు. ఫోన్‌లో చెప్తే సగం సగం అయిపోద్దని ఇవాళ కూర్చుని రాస్తున్నా. హాస్టల్లో అందరూ ఊళ్ళకెళ్ళారు, నేను రేపు పొద్దున్న సెల్స్ పెంచే ప్లేట్ చూడాలి కాబట్టి ఆగిపోయా. అమ్మ పంపిన జంతికలు పక్కన పెట్టుకుని రాస్తున్నా, తీరిగ్గా చదువు.

ముందు మందు సంగతి. నాది మెథోట్రెక్సేట్ అని నీకు తెలుసు. కానీ దాన్నే ఎందుకు పట్టుకున్నానో నీకెప్పుడూ చెప్పలేదనుకుంటా. మా పిన్ని కీళ్ళవాతానికి వేసుకునేది అదే. వారానికి ఒక్కసారే వేసుకోవాలి, పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదకొస్తుంది, అందుకని పిన్ని క్యాలెండర్లో ప్రతి సోమవారం ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి పెట్టుకుంటుంది. ఎక్కువ డోసుల్లో అదే మందు క్యాన్సర్‌కి వాడతారు. దీని మూలాలు వెతుక్కుంటూ పోతే ఎక్కడ తేలిందో తెలుసా, మీ భీమవరంలో! ఎల్లాప్రగడ సుబ్బారావు గారు 1895లో పుట్టింది అక్కడే కదా. అమెరికాలో లెడర్లీ ల్యాబ్స్ అనే మందుల కంపెనీలో ఆయన టీమ్ ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్ తయారు చేసి, దాన్ని అడ్డుకునే మందులు కూడా తయారు చేసింది. అందులో అమినోప్టెరిన్ అనేదాన్ని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టర్ బ్లడ్ క్యాన్సర్ పిల్లలకిచ్చి చూశారు. 1948లో వచ్చిన ఆ పేపర్లో 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు కొన్నాళ్ళు తగ్గింది. అప్పటిదాకా ఆ జబ్బుకి సరిగ్గా పని చేసే మందే లేదురా. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు గారు పోయారు, 53 ఏళ్ళకే. ఆ అమినోప్టెరిన్‌కి ఒక్క మిథైల్ గ్రూప్ తగిలిస్తే నా మందు. ఇంకోటి కూడా ఉంది, ఆయన అంతకుముందు 1925లో ఫిస్క్ అనే సైంటిస్ట్‌తో కలిసి ఫాస్పరస్‌ని నీలం రంగుతో కొలిచే పద్ధతి కనిపెట్టారు, అంటే ఆయన మొదట మనలాగే అనలిస్టే. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది.

సరే, నా పని. మెథోట్రెక్సేట్‌ని నానో పార్టికల్స్‌లో పెట్టి, మామూలు మందు కన్నా అది క్యాన్సర్ సెల్స్ మీద బాగా పని చేస్తుందా లేదా చూడటం. మొదటి ఏడాదిన్నర అంతా హెచ్‌పీఎల్‌సీ, అంటే మందు ఎంతుందో, ఎంత శుద్ధంగా ఉందో కొలిచే మెషిన్ పని. దాని గురించి నీకు చెప్పేదేముంది, ఫ్యాక్టరీలో మాత్రలు టెస్ట్ చేసే నువ్వు రోజూ తినే అన్నమే అది. సీ18 కాలమ్, ఫాస్ఫేట్ బఫర్, అసిటోనైట్రైల్, 303 నానోమీటర్ల దగ్గర డిటెక్షన్. లీనియారిటీ, రికవరీ, రోబస్ట్‌నెస్, కొలత నమ్మదగ్గదేనా అని చూసే ఈ పరీక్షలన్నీ ఐసీహెచ్ క్యూ2 రూల్స్ ప్రకారం. ఆల్కలీలో పెడితే మందు విరిగిపోయి గ్రాఫ్‌లో పక్కన కొత్త పీక్ వచ్చింది, వెలుతురుకి కూడా పాడవుద్ది, అందుకే ఫ్లాస్కులన్నిటికీ ఫాయిల్ చుట్టే తిరిగేవాణ్ణి. ఒకే ద్రావణం మెషిన్లోకి ఆరుసార్లు ఇంజెక్ట్ చేస్తే ఆర్‌ఎస్‌డీ, అంటే కొలతకీ కొలతకీ ఉండే తేడా, 0.4 శాతం వచ్చేది. ఆ నంబర్ చూస్తే ఎంత ధైర్యంగా ఉండేదో! ఇంకేముంది, సెల్స్ పని కూడా ఇలాగే అయిపోద్ది అనుకున్నా.

అవ్వలేదు మామా.

ఎంసీఎఫ్-7 అని రొమ్ము క్యాన్సర్ సెల్స్, పూణేలో ఎన్‌సీసీఎస్ అనే సెల్ సైన్స్ సంస్థ నుంచి తెప్పించుకున్నాం. 37 డిగ్రీలు, 5 శాతం కార్బన్ డయాక్సైడ్, రెండ్రోజులకోసారి మీడియం, అంటే వాటి తిండి ద్రవం, మార్చాలి, పండగైనా పెళ్ళైనా సరే. సెల్స్ బతికున్నాయో లేదో చూడ్డానికి ఎంటీటీ అనే టెస్ట్ వేస్తాం. పసుపు రంగు పొడి కరిగించి వేస్తే బతికున్న సెల్స్ దాన్ని ఊదారంగు స్ఫటికాలుగా మారుస్తాయి, వాటిని డీఎమ్‌ఎస్‌ఓ అనే ద్రవంలో కరిగించి 570 నానోమీటర్ల దగ్గర రీడింగ్ తీయాలి. ఎంత ఊదాగా ఉంటే అన్ని సెల్స్ పని చేస్తున్నట్టు. చెప్పడానికి ఇంతే.

మొదట్లో అందరూ చేస్తున్నారు కదా అని 24 గంటలకే రీడింగ్ తీసేవాణ్ణి. మందు వేసినా వెయ్యకపోయినా ఒకేలా ఉండేవి. మెథోట్రెక్సేట్ పట్టుకునేది సెల్ డీఎన్ఏ తయారు చేసుకునేటప్పుడు, ఈ సెల్స్ రెండింతలు అవ్వడానికే ఒక రోజు దాటుద్ది, మరి 24 గంటల్లో ఏం కనిపిస్తుంది? ఇది అర్థమై 72 గంటలకి మారడానికి నాకు మూడు నెలలు పట్టింది. మందు ఎలా పని చేస్తుందో పుస్తకంలో చదివా, పరీక్షలో రాశా, మార్కులు కూడా వచ్చాయి, కానీ ప్లేట్ ముందు కూర్చున్నప్పుడు అది గుర్తు రాలేదు. దాని గురించి ఇప్పటికీ బాధగా ఉంటుంది.

తర్వాత ఇంకో దెబ్బ. మీడియంలో కలిపే సీరమ్ బాటిల్ అయిపోయి కొత్త లాట్ తెరిచాం, ఆ వారం నుంచి ఐసీ50, అంటే సెల్స్‌ని సగానికి తగ్గించడానికి కావాల్సిన మందు మోతాదు, ఒక్కసారిగా కొన్ని రెట్లు పెరిగిపోయింది. అంటే మందు పని చెయ్యట్లేదు. మందు స్టాక్ పాడైపోయిందేమో అని భయపడి వెంటనే హెచ్‌పీఎల్‌సీకి పరిగెత్తా. పీక్ ఒక్కటే, పక్కన ఏమీ లేదు, మందు 99.4 శాతం ఉంది. అప్పుడనిపించింది రా, ఆ ఏడాదిన్నర ఎక్కడికీ పోలేదని. మందు బాగానే ఉందని అది గట్టిగా చెప్పబట్టే, తప్పు ఇంకెక్కడో ఉందని వెతికాను. తీరా చూస్తే సీరమ్. దూడల రక్తం నుంచి తీసిన సీరమ్‌లో డీఎన్ఏ కట్టుకోవడానికి పనికొచ్చే థైమిడిన్, హైపోజాంథిన్ అనేవి కొద్దిగా ఉంటాయి, లాట్ లాట్‌కీ మారతాయి కూడా. మా మందు ముందు తలుపు మూసేస్తే సెల్స్ వీటిని తెచ్చుకుని దొడ్డి తలుపు గుండా డీఎన్ఏ కట్టేసుకుంటాయి. ఆ చిన్న చిన్న మాలిక్యూల్స్ తీసేసిన సీరమ్ దొరుకుతుంది, డయలైజ్డ్ అంటారు, ఖరీదెక్కువ, దాని కోసం మా గైడ్ సార్‌ని ఒప్పించి తెప్పించుకున్నాక కానీ నంబర్లు ఒక దారికి రాలేదు. కొత్త బాటిల్ విప్పిన తేదీ నోట్‌బుక్‌లో రాసి పెట్టుకోకపోయుంటే ఇది ఎప్పటికీ దొరికేది కాదు. నీకు లాట్ నంబర్ రాయడం అలవాటే, ఇక్కడ చాలామంది రాయరు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నా. పోయిన ఏడాది నా రిజల్ట్ చాలా అందంగా వచ్చింది. ప్లేట్‌లో 96 వెల్స్, అంటే చిన్న చిన్న గుంటలు, ఉంటాయి కదా, అంచుల్లో ఉన్నవి ఆవిరై ఆరిపోతాయి కాబట్టి వాటిల్లో ఉత్త బఫర్ పోసి లోపలి 60 మాత్రమే వాడతాం, నిలువు వరసకి ఆరు, ఒక్కో మందుకి ఒక్కో వరస. మూడు ప్లేట్లు, మూడు వేర్వేరు వారాల్లో. అంటే మామూలు మందుకి 18 వెల్స్, నానోకి 18 వెల్స్. రెండు సగటుల తేడా నిజమేనా అని చూసే టీ టెస్ట్ వేస్తే పీ వాల్యూ, అంటే నిజంగా తేడా లేకపోయినా ఇంత తేడా ఊరికే కనిపించే అవకాశం, 0.001 కన్నా తక్కువ. సెమినార్‌లో చూపించా, అందరూ బావుందన్నారు. నాన్నకి ఫోన్ చేసి ఇంక ఆరు నెలల్లో థీసిస్ ఇచ్చేస్తా అని కూడా చెప్పేశా.

పేపర్ పంపేముందు ఒకసారి చూపిద్దామని బయోస్టాటిస్టిక్స్ మేడమ్ దగ్గరికి వెళ్ళా. ఆవిడ పీ వాల్యూ చూడనే లేదు. "బాబూ, ఈ 18 ఎక్కణ్ణుంచి వచ్చాయి? సెల్స్ ఎన్నిసార్లు వేశావ్?" అనడిగారు. మూడుసార్లు మేడమ్ అన్నా. "అయితే నీ ఎన్, అంటే విడివిడి ప్రయోగాల లెక్క, మూడు, 18 కాదు" అన్నారు. నాకు వెంటనే ఎక్కలేదు. అప్పుడావిడ ఒక మాట చెప్పారు, ఉన్నదున్నట్టు రాస్తున్నా. "అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టుకుంటే తెలుస్తుంది. అదే కుండలోంచి 18 మెతుకులు పట్టుకున్నా నీకు ఆ కుండ సంగతే తెలుస్తుంది నాయనా, రేపు వండే కుండ సంగతి కాదు."

నీ భాషలో చెప్తా. ఒక్క మాత్ర పొడి చేసి కరిగించి 18 సార్లు ఇంజెక్ట్ చేసి, 18 మాత్రలు టెస్ట్ చేశాం అని రాస్తే నువ్వు సంతకం పెడతావా? పెట్టవు. ప్రతి మాత్రలో మందు సమానంగా ఉందా అని చూసే కంటెంట్ యూనిఫార్మిటీకి పది మాత్రలు విడివిడిగా తీసుకుంటావ్. ఆరు ఇంజెక్షన్లు చెప్పేది మెషిన్ గురించి, మాత్రల గురించి కాదు. ఇది మన ఇద్దరికీ ఎప్పట్నుంచో తెలుసు. ఒకే ఫ్లాస్క్‌లోంచి తీసి, ఒకే రోజు, ఒకే చేత్తో పోసిన ఆరు వెల్స్ కూడా ఆరు ఇంజెక్షన్ల లాంటివే అని నాకు తట్టలేదు, అంతే. హెచ్‌పీఎల్‌సీలో మెషిన్ ఎంత నికరంగా కొలుస్తుందో అదే మనక్కావాలి కాబట్టి అక్కడ ఆ ఆరుకి విలువుంది. సెల్స్ దగ్గర నాక్కావాల్సింది వేరే, వచ్చే వారం కొత్త సెల్స్ మీద, ఇంకో ఊళ్ళో ఇంకొకళ్ళ చేతిలో కూడా ఇది నిలబడుద్దా అని.

మేడమ్ పక్కనే కూర్చుని ప్లేట్‌కొక సగటు తీయించారు. బతికున్న సెల్స్ శాతాల్లో మామూలు మందుకీ నానోకీ తేడా మొదటి వారం 11, రెండో వారం 5, మూడో వారం 19. ఆ మూడు తేడాలతో టీ టెస్ట్ (పెయిర్డ్ అంటారు) వేస్తే పీ వాల్యూ 0.10, మామూలుగా 0.05 కింద ఉంటేనే లెక్కలోకి తీసుకుంటారు. ఒకే డేటా మామా, ఒక్క నంబర్ కూడా మారలేదు.

ఆ టీ టెస్ట్ కనిపెట్టినాయన గురించి కూడా ఆవిడే చెప్పారు, నీకు నచ్చుద్ది. గోసెట్ అని, డబ్లిన్‌లో గిన్నిస్ బీరు కంపెనీలో కెమిస్ట్. నీలాగే ఫ్యాక్టరీ మనిషి. బార్లీ శాంపిల్స్ నాలుగైదే ఉంటే వాటితో ఎంత వరకూ నమ్మొచ్చు అన్నదే ఆయన బాధ. 1908లో పేపర్ వేశారు, కంపెనీ సొంత పేరు పెట్టుకోనివ్వదు కాబట్టి స్టూడెంట్ అని వేసుకున్నారు. తక్కువ శాంపిల్స్ ఉన్నోడి కోసం పుట్టిన లెక్క అది. దాన్ని తీసుకుని నేను నా మూడిటిని 18గా చూపించా. కావాలని చెయ్యలేదు, అయినా ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఇంకో మూడు ప్లేట్లు వేసి కలిపేస్తా అని మేడమ్‌తో అన్నా. "ముందు చూసేసి, చాలకపోతే ఇంకొన్ని, అవీ చాలకపోతే ఇంకొన్ని, అలా వేసుకుంటూ పోతే ఎప్పుడో ఒకప్పుడు 0.05 కింద పడుద్ది, అది రుజువు కాదు" అన్నారు. పాతవి పక్కన పెట్టి కొత్తగా ఆరు, ఆరు వేర్వేరు వారాల్లో, ప్రతిసారీ కొత్తగా కరిగించిన మందుతో, ఏ టెస్ట్ వేస్తానో ముందే రాసి తేదీ వేసి ఆవిడకిచ్చి మొదలుపెట్టమన్నారు. సార్‌కి చెప్పడానికి రెండ్రోజులు పట్టింది. ఆయన చాలాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "మళ్ళీ చెయ్యి, సీరమ్‌కి నేను చూస్తా" అన్నారు. ఆ మాటకి ఆయన మీద నాకున్న గౌరవం ఇంకా పెరిగింది. నాన్నకి చెప్పడం మాత్రం కష్టమైంది. ఆరు నెలలన్నావ్ కదరా అన్నారు, అంతే, ఇంకేం అనలేదు.

ఈ కొత్త ప్లేట్లలో ఇంకో జాగ్రత్త, నా మనసు ఒక వైపు మొగ్గకుండా ఏ ట్యూబ్‌లో ఏముందో నాకు తెలియకూడదు. స్టాక్ చూస్తే ఇట్టే తెలిసిపోద్ది, మామూలు మందు పసుపు రంగు, నానోది మజ్జిగలా ఉంటుంది. బాగా పల్చన చేశాక మాత్రం అన్నీ నీళ్ళే. అందుకని పల్చన చేసే పని మా జూనియర్ అమ్మాయి చేసి, మందు, నానో, మందు లేని ఉత్త నానో, ఏమీ లేనిది, నాలుగింటి మీదా అక్షరాలు రాసిస్తుంది. కోడ్ కాగితం కవర్లో పెట్టి మేడమ్ బీరువాలో ఉంది. నాలుగు ప్లేట్లు అయ్యాయి. ఏ అక్షరం ఏదో ఊహించుకోకుండా ఉండటానికే సగం ఓపిక అయిపోతోంది, నిజంగా.

నువ్వు జాబ్ మానేసి పీహెచ్‌డీలో చేరాలా అని కూడా అడిగావ్. చేరు అనీ చెప్పను, వద్దు అనీ చెప్పను. ఎక్కడ చేరినా చేరకముందే ఆ ల్యాబ్‌లో నోట్‌బుక్కులు ఎలా రాస్తున్నారో ఒకసారి చూడు, లెక్కలు చూసేవాళ్ళు మొదట్నుంచీ పక్కన ఉంటారా లేక చివర్లో సంతకానికి వస్తారా అడుగు. నీకు లాట్ నంబర్లు రాసే చెయ్యుంది, అది చాలా పెద్ద విషయం.

పిన్నికి ఈ మధ్య వేళ్ళ వాపు తగ్గింది, పూలు తనే కట్టుకుంటోంది. అత్తయ్య గారిని అడిగానని చెప్పు. సంక్రాంతికి వస్తే నన్నోసారి భీమవరం తీసుకెళ్ళు, సుబ్బారావు గారి ఊరు చూడాలనుంది.

ఐదో ప్లేట్ గురువారం పొద్దున పదిన్నరకి మందు వేశా, రేపు పదిన్నరకి 72 గంటలు. ఇంక పడుకుంటా.

నీ
మామ